కారప్పొడి పూనకం

భోజనం దగ్గర మా అమ్మాయి "అమ్మా, ఫ్లాష్ మాబ్‌లో నన్ను మెయిన్‌గా తీసుకున్నారు" అంది. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి "అదేం జబ్బే?" అన్నాను.

తెలియని సంగతి ఇంట్లోకొస్తే దాని అంతు చూడందే నాకు నిద్రపట్టదు. కూచోబెట్టి అడిగాను. జనం తిరిగే చోట మామూలు మనుషుల్లా నిలబడి, ఉన్నట్టుండి ఒకళ్ళు డాన్సు మొదలుపెడతారట. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే వచ్చి కలుస్తారట. జనం నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా ఆఖర్న సరుకు పైకెత్తి చూపిస్తారట. అదంతా వీడియో తీసి ఫోన్లలోకి వదులుతారట.

"ముందే మైకులో చెప్పి పిలిస్తే ఇంకా ఎక్కువమంది వస్తారు కదే?"

"చెప్పకపోవడమే అందులో కిటుకమ్మా. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు తల్లీ, నీకు దండం పెడతాను."

నా నోట్లో నువ్వుగింజ నానదని దానికి తెలుసు. అయినా ఈసారి నోరు కుట్టుకుని కూచున్నాను. ఎందుకంటే డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న పిల్ల అది. చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ ప్రోగ్రాములకి స్టేజి ఎక్కిందో లేదో, ఇక డాన్సు తప్ప ఇంకో పని దాని మనసుకెక్కలేదు. మంగళగిరిలో ఒక ఈవెంట్ల కంపెనీవాళ్ళు అవసరం ఉన్నప్పుడు పిలిచి, లేనప్పుడు మర్చిపోయేవాళ్ళు. ఈ వీడియో బాగా వస్తే ఉద్యోగంలోకే తీసుకుంటామన్నారు. ఇంట్లో ఆ పిల్ల ముఖం అంతలా వెలగడం ఈమధ్య నేను చూళ్ళేదు.

సరుకేమో కొత్తగా వస్తున్న కారప్పొడి. చోటు పర్చూరు సెంటరు, సరిగ్గా నా టైలరింగ్ షాపు ఎదురు. ప్యాకెట్టు రంగులోనే ఉండాలని ఎర్రంచు పసుపు చీర పంపించారు. జాకెట్టు నేనే కుట్టాను. జుట్టు విరబోసుకోమన్నాడు వాళ్ళ మేనేజరు. ఆటోలో పెద్ద స్పీకరు పెట్టి డప్పు మోత వేస్తారు. "ఏం జరిగినా సరే ఆగొద్దు, మాట్లాడొద్దు" అని దానికి పదేపదే చెప్పాడు.

అప్పుడైనా నాకు తట్టొద్దూ! తొలకరి ముందు, ఊరూరా అమ్మోరికి కొలుపులు చేసే రోజులు. మేం చర్చికెళ్ళేవాళ్ళమే కావచ్చు, ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళం కామూ? పసుపు చీర, విరబోసిన జుట్టు, డప్పు. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే అమ్మోరు పూనిందని ఇక్కడ చంటిపిల్లలు కూడా రెండు చేతులూ జోడిస్తారు. హుక్కులు కుట్టింది నేను, చీర ఇస్త్రీ చేసింది నేను, నా బుర్రకి మాత్రం ఎక్కలేదు.

ఆ రోజు రానే వచ్చింది, సెంటర్లో డప్పు మొదలైంది. కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరుతున్నట్టు నటిస్తున్న మా పిల్ల సంచి విసిరేసి గిర్రున తిరిగింది. బండి ఆవిడ "అమ్మో, తల్లీ!" అని కేకేసింది. అంతే. చుట్టూ జనం మూగిపోయారు. ఎక్కడినుంచి తెచ్చిందో, ఒకావిడ బిందెడు నీళ్ళు కాళ్ళ మీద కుమ్మరించింది. ఇంకొకావిడ పసుపు రాసింది. నిమ్మకాయలబ్బాయి కాయలు కోసి దిగదుడిచి పారేస్తున్నాడు. ఎవరో వేపమండ తెచ్చి చేతిలో పెట్టేశారు. పాపం, మధ్యలో వచ్చి కలవాల్సిన మిగతా పిల్లలు దారి దొరక్క అవతలే ఎగిరెగిరి చూస్తున్నారు.

"ఓరి వీళ్ళ దుంపతెగ!" అనుకుంటూ షాపు వదిలేసి పరిగెత్తాను. నవ్వొస్తోంది, భయమేస్తోంది. ఏమవుతుందో చూడాలనీ ఉంది, అబద్ధమెందుకు! మేనేజరు ఆటో ఎక్కి నిలబడి, ఆనందం పట్టలేక కెమెరా కుర్రాళ్ళకి సైగలు చేస్తున్నాడు.

అంతలో నా ఈడు మనిషి ఒకామె జనాన్ని తోసుకొచ్చి మా పిల్ల కాళ్ళ మీద పడింది. చేలో నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర మోకాళ్ళదాకా ఎగదోపుకుని ఉంది.

"తల్లీ, పోయినేడు తామర పురుగు పూతంతా తినేసింది. అంతకుముందేడు వానకి కుళ్ళింది. ఈ ఏడన్నా మిరప వెయ్యమంటావా, వద్దంటావా? నీ నోటితో ఒక్క మాట చెప్పు, తల్లీ."

మేనేజరు వేగంగా చేతులూపుతున్నాడు. తల పైకీ కిందకీ ఆడిస్తూ 'ఊ అను, ఊ అను' అంటున్నాడు. కారప్పొడి వీడియోలో అమ్మోరు మిరప వెయ్యమంటే ఇంకేం కావాలి వాళ్ళకి!

మా పిల్ల ఆగిపోయింది. వంగి ఆమె భుజాలు పట్టుకుని లేపి, చెవిలో ఏదో చెప్పింది. డప్పు మోతలో నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఆమె మా పిల్ల ముఖంలోకి చూసి ఏదో అడిగింది. ఇది తల అడ్డంగా ఊపింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని జనంలోంచి వెళ్ళిపోయింది. మా పిల్ల వేపమండ పక్కన పెట్టి జుట్టు ముడేసుకుంది. ప్యాకెట్టు పైకి లేవనే లేదు.

మేనేజరు నా షాపు ముందుకొచ్చి "ఒక్క మాట ఆంటీ, ఒక్క మాట! ఊ అంటే దీని సొమ్మేం పోయింది? ఇట్లాంటివాళ్ళని పెట్టుకుని నేనెట్లా చెయ్యాలి?" అని చిందులు తొక్కాడు. ఉద్యోగం సంగతి అక్కడితో తేలిపోయింది. అతణ్ణి నాలుగు దులిపి పంపించానే గానీ, లోపల మాత్రం నాకూ పిల్ల మీద కోపంగానే ఉంది.

జనం పలచబడ్డాక అది షాపులో స్టూలు మీద కూచుని కాళ్ళ పసుపు కడుక్కుంటోంది.

"ఏం చెప్పావే ఆమెకి?"

"అమ్మోర్ని కాదు, కారప్పొడి కంపెనీ తరఫున వచ్చానని చెప్పాను."

"ఏమంది?"

"కంపెనీవాళ్ళకైతే ఇంకా బాగా తెలుస్తుంది కదమ్మా, నువ్వే చెప్పు, వెయ్యనా అంది. నాకు తెలీదన్నాను."

నా వల్ల కాలేదు. నోరు జారేశాను. "ఊ అనేస్తే పోయేదిగా పిచ్చిదానా! చేతికొచ్చిన ఉద్యోగం!"

అది విసుక్కోకుండా చెంబు కింద పెట్టింది.

"ఊ అంటే ఆమె నిజంగానే వేసేదమ్మా" అంది.