ఆరు వీపుల అవతల

మనుషులతో గోపురాలు కట్టే ఊళ్ళో పుట్టినవాళ్ళు ముందుగా గుర్తుపట్టేది ముఖాలను కాదు, వీపులను. అలాంటి ఊరే సాంట్ రొమా, అక్కడ రెమెయ్‌కి రెండొందల వీపులు తెలుసు. ఎవరి చెమట ద్రాక్షపిప్పి వాసన వేస్తుందో, ఎవరి రెక్క ఎముక పొడుచుకొస్తుందో, పైన బరువు పెరిగేకొద్దీ ఎవరు ప్రార్థన గొణుక్కుంటారో, ఎవరు బూతులు గొణుక్కుంటారో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇరవై ఏళ్ళు ఆమె చోటు ఆ వీపుల వెనకే. నూటపద్దెనిమిది కిలోల మనిషి. గోపురం అడుగున చుట్టూ గుమిగూడే పునాదికి బయటి వరసలో అలాంటివాళ్ళే కావాలి. ముందున్న వీపుకి గుండె ఆనించి, చేతులు చాచి, మధ్యకు నెట్టాలి. గోడకి మట్టికట్ట ఎలాగో గోపురానికి రెమెయ్ అలాగ.

ఆ మధ్యలో, అందరి కింద నిలబడే ముగ్గురిలో ఒకడు ఆమె మొగుడు ఎర్మెంగోల్. ఊళ్ళో నీటి గొట్టాలు బాగుచేసే మనిషి, మెడ ఎద్దుమెడ. అతని భుజాల మీద ఒకరు, ఆ ఒకరి మీద మరొకరు, అలా ఎనిమిది అంతస్తులు ఆకాశంలోకి పోతాయి. అతనికీ ఆమెకీ మధ్య ఎప్పుడూ ఆరుగురు. పెళ్ళయిన ఏడాది నుంచీ అంతే. పండగ రోజు భోజనాల దగ్గర అతను, ఇవాళ నీ తోపు నాదాకా వచ్చింది అనేవాడు. ఆరు వీపులు దాటి ఎవరి తోపూ ఎవరిదని తెలియదు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆ అబద్ధం కోసమే ఆమె ఇంకాస్త గట్టిగా నెట్టేది.

అడుగు మనిషికి రెండు చంకల కిందా ఇద్దరు పొట్టివాళ్ళు దూరి నిలబడతారు. అతని భుజం కుంగిపోకుండా తమ భుజం అందిస్తారు. వాళ్ళని ఊతకర్రలు అంటారు. రెమెయ్ పొట్టిదే. సరిగ్గా ఎర్మెంగోల్ చంక ఎత్తు. కానీ నూటపద్దెనిమిది కిలోలు ఏ చంక కిందా పట్టవు కదా.

మోకాళ్ళు మొరాయించి, రక్తంలో చక్కెర పెరిగినప్పుడు డాక్టర్లు ఆమె జీర్ణాశయాన్ని కుదించి పిడికెడు చేశారు. ఆ తర్వాత రెండేళ్ళలో యాభైనాలుగు కిలోలు వెళ్ళిపోయాయి. సంతలో ఆమెది ఉప్పుచేపల కొట్టు. పాలరాతి తొట్లలో నీళ్ళు, ఆ నీళ్ళలో ఉప్పు వదులుతూ మెల్లగా ఉబ్బే తెల్లటి ముక్కలు. కొనడానికి వచ్చినవాళ్ళు, మీ అక్క రాలేదా అని అడిగేవాళ్ళు. అక్క ఇక రాదని చెప్పేది, ఎంతో సంతోషంగా.

బరువైతే వెళ్ళిపోయింది. దాని బట్టలు మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్ళింది. పొట్ట మీది చర్మం ముందు కట్టుకున్న గుడ్డలా తొడల దాకా వేలాడేది. రోజూ పొద్దున్నే దాన్ని మడిచి లంగాలో దోపుకుని కొట్టుకి పోయేది. వేసవిలో ఆ మడతల్లో ఒరుసుకుపోయి పుళ్ళు పడేవి. ఎండబెడితే చేప కుంచించుకుంటుంది, తోలుతో సహా. మనిషి తోలుకి ఆ తెలివి లేదు.

ఒక సెప్టెంబరు సాధనలో, ఊతకర్రగా నిలబడే పొన్స్ మోకాలు పట్టేసింది. పునాదిలో ఎవరు ఎక్కడ నిలబడాలో పేర్లు పిలిచి అమర్చేది కెరాల్ట్. గొంతు చిన్నది, మాట పెద్దది. ఆమె చుట్టూ చూసి, రెమెయ్, లోపలికి రా అంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆ ఆరు వీపులూ పక్కకి తొలగి దారి ఇచ్చాయి. రెమెయ్ మొగుడి చంక కింద దూరింది. పైన రెండో అంతస్తువాళ్ళు ఎక్కారు, మూడో అంతస్తువాళ్ళు ఎక్కారు. అప్పుడు అతని తుంటికీ ఆమె తుంటికీ మధ్య ఆ చర్మం మడత నలిగింది, తలుపు సందులో వేలు పడినట్టు. పునాదిలో అరవకూడదు. అరిస్తే పైనున్నవాళ్ళ కాళ్ళు వణుకుతాయి. ఆమె పెదవి కొరుక్కుంది. కానీ భుజం కొద్దిగా కిందికి జారింది. అది ఎర్మెంగోల్‌కి తెలిసి, దించండి అన్నాడు. అందరూ క్షేమంగా దిగారు.

బట్టలు మార్చుకునే గదిలో మడత విప్పితే నెత్తురు. కెరాల్ట్ వచ్చి పక్కన కూర్చుంది.

"బలం లేక జారలేదు నీ భుజం. నీ తోలు నీ మాట వినట్లేదమ్మాయ్, అంతే. అది వినేదాకా బయటి వరసలోనే ఉండు."

"బయటి వరసకి నా బరువు చాలట్లేదు ఇప్పుడు. నెడితే నేనే వెనక్కి పోతున్నా."

నిజమే మరి. లోపలికి తోలు ఎక్కువ, బయటికి బరువు తక్కువ. తను పుట్టి పెరిగిన ఆటలో నిలబడటానికి రెమెయ్‌కి చోటు లేకుండా పోయింది.

బార్సెలోనాలో డాక్టర్ ఫర్రేస్ ఇలాంటి మిగులు చర్మాన్ని తీసి కుట్టే శస్త్రవైద్యురాలు. అందరినీ అడిగినట్టే ఈమెనీ అడిగింది, ఎందుకు చేయించుకోవాలనుకుంటున్నారని. పుళ్ళ సంగతీ నడుము నొప్పి సంగతీ చెబుదామనే రెమెయ్ వెళ్ళింది. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నా మొగుడి చంక కింద పట్టాలి డాక్టరుగారూ."

డాక్టరు కలం ఆగింది. తర్వాత ఏ జట్టు అని అడిగింది. వాళ్ళ నాన్న కూడా ఒకప్పుడు పునాదిలో నిలబడ్డవాడేనట. నవంబరులో కోస్తే ఆగస్టులో ఊరి పండగకి నిలబడగలనా అని రెమెయ్ అడిగితే మాత్రం మాట ఇవ్వలేదు. అన్నీ సజావుగా మానితే మే నెలలో చూసి చెబుతానంది. కోసేదాకా బరువు అటూ ఇటూ కదలకూడదు, సిగరెట్టు ముట్టకూడదు, రక్తంలో ఇనుము పెరగాలి, చేప బాగా తినాలి. చివరిది విని రెమెయ్‌కి నవ్వొచ్చింది. సముద్రంలో ఉన్నవాణ్ణి తడవమన్నట్టుంది.

సిగరెట్టు మానడమే కష్టమైంది. కొట్టు వెనక రోజుకి రెండే కాల్చేది, కానీ ఆ రెండే రోజంతటికీ కిటికీలు. వాటి బదులు అతిమధురం పుల్లలు నమిలింది. నోరు నల్లబడి, పళ్ళు ఇకిలిస్తే కొనేవాళ్ళు జడుసుకునేవాళ్ళు. ఎర్మెంగోల్ స్నానాలగదిలో గోడకి పట్టుకునే కమ్మీ బిగించాడు. వంటింట్లో గిన్నెలన్నీ నడుమెత్తు అరల్లోకి దించాడు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం ఆమె రోజుకి ఇరవైసార్లు సాధన చేసింది. అతనూ ఎదురుగా కుర్చీ వేసుకుని లేచేవాడు, తోడుగా. పదోసారికే అతనికి ఆయాసం.

నవంబరులో గోపురాల కాలం ముగిసిన పదో రోజున కోశారు. ముందు నిలబెట్టి, ఒళ్ళంతా ఊదారంగు కలంతో గీతలు గీశారు. అద్దంలో చూసుకుంటే, కొత్త తోట వేయడానికి కొలతలు తీసిన కొండవాలులా ఉంది. భయం వేయాల్సిన చోట ఆమెకి ముచ్చటేసింది. తెలివొచ్చాక మొదట అడిగింది ఎంత తూగింది అని.

"మూడు కిలోల రెండొందల గ్రాములు," అంది డాక్టరు.

"మా తొట్లో రెండ్రోజులు నానేస్తే నాలుగుకి తూగేది," అని మళ్ళీ నిద్రలోకి జారుకుంది.

ఇంటికి వచ్చేటప్పుడు పొట్టకి వెడల్పాటి సాగే పట్టీ వేశారు. లోపల ఊరే నీరు పోవడానికి పక్కన సన్నటి గొట్టం, దాని చివర చిన్న బుడ్డి. ఆమె వంకీకర్రలా వంగి నడిచేది. రెండో రోజు తుడుచుకోవడానికి పట్టీ విప్పారు. మళ్ళీ వేసేటప్పుడు ఎర్మెంగోల్‌కి ఆ పట్టీ మీద నమ్మకం కుదరలేదు. అతుక్కునే గుడ్డ, పిల్లల చెప్పులకి ఉండేలాంటిది. అది మనిషిని నిలబెడుతుందా? గోపురం ఎక్కే ముందు నడుముకి చుట్టుకునే నల్లటి నడికట్టు తెచ్చాడు. ఎనిమిది మీటర్ల గుడ్డ. ఒక కొస పట్టుకుని వసారా చివర వెనక్కి వాలి నిలబడ్డాడు. రెండో కొస పొట్టకి ఆనించుకుని ఆమె గిర్రున తిరుగుతూ అతని వైపు రావాలి. ఊళ్ళో పుట్టినవాళ్ళెవరైనా అలాగే చుట్టుకుంటారు. ఆమె వంగినది వంగినట్టే, చీమలా, తిరిగింది. అతని దగ్గరికి చేరేసరికి ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు. ఎంత బాగా కుదిరిందో అనుకున్నారు.

మర్నాడు పొద్దున కట్టు మార్చడానికి నెవుస్ వచ్చింది. ఊరి ఆరోగ్యకేంద్రం నర్సు, జట్టులో అందరి బెణుకులూ చూసే మనిషి. చొక్కా ఎత్తి, ఆ నల్లటి చుట్లను వేలితో నొక్కి చూసింది.

"ఎర్మెంగోల్, దీని మీద ఎవరు ఎక్కుతున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి ఎనిమిది అంతస్తులకి కట్టావేంటి? గొట్టం చూడు, నేల మీద పడి తొక్కిన సేమియాలా అయింది. నీళ్ళ గొట్టాలు బాగుచేసే మనిషివి, ఇదీ గొట్టమేనని తట్టలేదా?"

ఆ మాటకి రెమెయ్‌కి నవ్వాగలేదు. నవ్వితే కుట్లు లాగుతాయి. నవ్వకు రాణీ, నవ్వకు అని అతను బతిమాలుతుంటే ఇంకా నవ్వొచ్చింది. పొట్టమీద దిండు అదుముకుని, ఏడుస్తూ నవ్వింది.

అయితే లోపల నీరు నిలిచిపోయింది. వారంలో తీసేయాల్సిన గొట్టం మూడు వారాలు ఉండిపోయింది. ఈ లెక్కన మే నెలలో ఏమంటానో చెప్పలేనని డాక్టరు ఫోనులో అంది. ఎర్మెంగోల్ ముఖం మాడిపోయింది. ఆ సాయంత్రం ఎముకల పులుసు కాచి ఆమె ముందు పెట్టి, తను తినకుండా కూర్చున్నాడు.

"గట్టిగా కడితేనే నిలుస్తావనుకున్నా."

"నిలబడే పని ఇప్పుడు నాది కాదు," అంది రెమెయ్. "మానడమే నా పని. నువ్వూ తిను."

అలా ఆ శీతకాలం వాళ్ళు నిదానం నేర్చుకున్నారు. ఆమె రోజుకో వేలెడు చొప్పున పైకి లేచింది, మొలకలాగ. జట్టువాళ్ళు వంతులవారీగా వచ్చి కూర్చునేవాళ్ళు. ఇన్నాళ్ళూ ముందున్నవాళ్ళ వీపులే చూసింది కదా, ఇప్పుడు ఎదురుగా కూర్చుంటే ఒక్కొక్కరి ముఖం కొత్తగా, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళ ముఖంలా కనిపించేది. జనవరి నాటికి నిటారుగా నిలబడింది. వెనక్కి వంగడమంటే మాత్రం గుండె ఝల్లుమనేది. ఎక్కడో కుట్టు పుటుక్కుమంటుందని.

ఫిబ్రవరిలో జట్టంతా తోటలో ఉల్లికాడలు కాల్చుకు తినడానికి చేరారు. ద్రాక్షపుల్లల మంట మీద నల్లగా మాడిన కాడలు, పై పొర లాగేస్తే లోపల ముత్యంలా మెత్తన. బాదం నూరిన ఎర్రటి పచ్చట్లో ముంచి, తల వెనక్కి వాల్చి, చెయ్యి పైకెత్తి, కొస నుంచి నోట్లోకి దించుకోవాలి. మరోలా తింటే తిన్నట్టు కాదు. రెమెయ్‌కి పళ్ళెంలో ముక్కలు కోసి ఇచ్చారు, పళ్ళు లేని ముసలమ్మకి ఇచ్చినట్టు. కాసేపు వాటిని చూసింది. లేచింది. పొడవాటి కాడ ఒకటి అందుకుని, పచ్చట్లో తిప్పి, చెయ్యి ఎత్తింది. గడ్డం లేచింది, మెడ వాలింది, రొమ్ము తెరుచుకుంది, పొట్టమీది కొత్త చర్మం తెరచాపలా బిగిసింది. ఏదీ పుటుక్కుమనలేదు. కళ్ళ నిండా ఆకాశం, నోటినిండా పొగ వాసన. తల దించేసరికి తోటంతా తననే చూస్తోంది. గడ్డం మీంచి పచ్చడి కారుతోంది. ఇంకోటి ఇవ్వండి అంది. పదహారు తిందామనుకుంది, పిడికెడు జీర్ణాశయం మూడింటికే చాలంది.

ఏప్రిల్‌లో ఇంకొకటి జరిగింది. కోసినప్పటి నుంచీ బొడ్డు కింద రెండు జానల మేర స్పర్శ లేదు. గిల్లినా ఎవరి పొట్టనో గిల్లినట్టుండేది. ఒక ఉదయం తొట్టిలోంచి చేప తీస్తుంటే నీళ్ళు చింది, బట్టల సందున ఒక్క చుక్క లోపలికి జారింది. చల్లగా, సూదిమొనలా. ఆమె చేప పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏమైందని కొనడానికి వచ్చినామె కంగారుపడింది. చలేస్తోందండీ అంది రెమెయ్, వెలిగిపోతూ. ఆవిడ సంచిలోకి రెండు ముక్కలు ఎక్కువే పడ్డాయి ఆ రోజు.

మే నెలలో డాక్టర్ ఫర్రేస్ ఆ తుంటి నుంచి ఈ తుంటి దాకా ఉన్న ఎర్రటి గీతను వేలితో తడిమింది. దగ్గించింది, వంగమంది, లేవమంది. తర్వాత తన చెయ్యి ఎత్తి, చంక చూపించి, రండి, దూరండి అంది. వైద్యశాల గదిలో ఇద్దరాడవాళ్ళు అలా నిలబడ్డారు, ఒకరు భుజం ఆనించి, ఒకరు బరువు మోపి. ముందు చిన్న గోపురాలు, నొప్పనిపిస్తే ఆ క్షణమే బయటికి అని చెప్పి పంపింది.

కెరాల్ట్ మాత్రం ఏమీ మాటివ్వలేదు. జూన్‌లో ఆరంతస్తులకి నిలబెట్టింది, జూలైలో ఏడుకి. ఎనిమిదికి పొన్స్‌నే పిలిచింది. అతని మోకాలు బాగుపడింది. రెమెయ్ అడగలేదు. అడిగి తెచ్చుకునే చోటు కాదది.

పండగ రోజు ఎండ గుడిగోడ మీద తెల్లగా కాగుతోంది. మూడు జట్లు మైదానంలో. ఎనిమిదంతస్తులకి కెరాల్ట్ పేర్లు పిలవడం మొదలుపెట్టింది. అడుగు మనుషులు ముగ్గురూ చోట్లలో నిలబడ్డారు. కుడి చంకలు నిండాయి.

"ఎర్మెంగోల్ ఎడమ చంక," అంది కెరాల్ట్. కాగితం చూడలేదు, పొన్స్‌నీ చూడలేదు. "రెమెయ్."

పొన్స్ ఆమె వీపు తట్టి, రెండో వరసలోకి జరిగాడు. ఆమె లోపలికి నడిచింది. చంక కింద భుజం పెట్టి, మోకాళ్ళు సర్ది, చెంప అతని పక్కటెముకలకి ఆనించింది. వెనక వరసలు మూసుకున్నాయి, ఒకటి తర్వాత ఒకటి, పొద్దువాలితే పువ్వు మూసుకున్నట్టు. చీకటి. పైన ఎవరెవరో ఎక్కుతున్నారు. కనిపించదు, అతని ఎముకల్లోంచి వినిపిస్తుంది. ఒక అంతస్తుకి ఊపిరి పొట్టిదవుతుంది, ఇంకో అంతస్తుకి ఇంకా పొట్టిదవుతుంది. భుజం దిగుతోంది. ఆమె తన భుజం అందించింది. ఆమె వెనక నుంచి ఆరు వరసల తోపు వచ్చి తగిలింది, మెత్తగా, ఒక పెద్ద జంతువు మూతితో తోసినట్టు. ఇదా, అనుకుంది. ఇన్నాళ్ళూ నేను పంపింది ఇదా.

"ఉన్నావా?" అన్నాడు అతను, పళ్ళ బిగువున.

"ఉన్నా. మాట్లాడకు. వెల్లుల్లి కంపు."

అతని పక్కటెముకలు నవ్వుతో కదిలాయి. ఎనిమిదంతస్తుల కింద నవ్వకూడదు. మరి ఎలా ఆపుకున్నాడో. దూరంగా సన్నాయి పాట మలుపు తిరిగింది, అంటే అందరికంటే పైకెక్కే చిన్నపిల్ల శిఖరాన చెయ్యెత్తింది, గోపురం పూర్తయిందన్నమాట. మైదానం హోరెత్తింది. తర్వాత బరువు ఒక్కో అంతస్తే తగ్గుతూ వచ్చింది. చివరి పాదం అతని భుజం వదిలింది. వెనక వరసలు విడిపోయి వెలుగు లోపలికొచ్చింది.

ఆమె కదల్లేదు. అతనూ చెయ్యి దించలేదు.

"దిగిపోయారు రాణీ."

"తెలుసు."

కెరాల్ట్ వచ్చి ఇద్దరినీ చూసి, గొంతు సవరించుకుని, పక్క జట్టువాళ్ళు చోటు కోసం కాచుకుని ఉన్నారని, కాపురం ఇంటికెళ్ళి చేసుకోమని అంది. జనం నవ్వుతూ దారిచ్చారు. రెమెయ్ తల బయటికి తీసింది. చెంప మీద అతని చొక్కా నేత గళ్ళు గళ్ళుగా అచ్చుపడి ఉంది. సాయంత్రం దాకా పోలేదది.