మంత్రి తాత ఎదుటి బల్ల

పాత పెట్టె తెరవగానే కలరా ఉండల వాసన వచ్చి, చిన్నమనూరులో మా తాత నల్లకోటు గుర్తొచ్చింది. మన ఈడువాళ్ళ ఇళ్ళన్నిట్లో అదే వాసన కదూ!

తెల్లదొరల కాలంలో తాత మద్రాసులో మంత్రి. ఊళ్ళో కలరా సోకి, డాక్టరు కావాలని వెళ్ళినవాళ్ళను "రేపు రండి" అని తిప్పి పంపాడట. వాళ్ళెవరూ బతకలేదు. పదవి పోయాక తాత రోజూ పొద్దున్నే కోటు తొడుక్కుని, తిన్నెమీద ఖాళీ బల్ల ఎదుట కూర్చునేవాడు.

ఒకరోజు నేను ఆ బల్ల ఎక్కబోయాను.

"ఆడ వొద్దు కన్నూ, వాళ్ళు కూసోనుండారు," అన్నాడు తాత.

అవ్వ బల్లమీద మజ్జిగ లోటాలు పెట్టింది. నేను చూస్తుండగానే అవి ఖాళీ అయ్యాయి.

తాత లేచి చేతులు జోడించాడు. "నడవండయ్యా, నేనూ వస్తా."

ఎప్పుడూ అందరికన్నా ముందు నడిచే మనిషి, పక్కకు జరిగి వాళ్ళకు దారి ఇచ్చి, వెనక నడిచాడు. మళ్ళీ రాలేదు.