గుమ్మడి పాదు లేని ఇల్లు

పోయిన నెల ఒక పొద్దున మా పుట్టింటి ఊరి మనిషి రాప్తాడులో బస్సు దిగి, మా ఇంటికి వచ్చి, "మీ చిన్నతాత పోయినాడమ్మా" అన్నాడు. "నిజమేనా?" అన్నాను. అన్నాక నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఎందుకంటే అది ఆయన అడిగే ప్రశ్న. తన చావు కబురు తెచ్చినవాణ్ణయినా సరే అరుగు మీద కూర్చోబెట్టి, "నువ్వెవురి కొడుకువప్పా? నీకెవురు చెప్పినారు? కండ్లారా చూసినావా?" అని నిలదీసే మనిషి.

చిన్నతాత అంటే మా నాయనకు చిన్నాయన. పెళ్ళి చేసుకోలేదు. సోమందేపల్లె దగ్గర మా ఊళ్ళో, మా ఇంట్లోనే ఉండి గొర్రెలు మేపుకున్నాడు. అనుమానం ఆయనతోనే పుట్టింది. పాలు పోసే ఆమె చెంబులో వేలు ముంచి చూసేవాడు. మబ్బు పట్టినా నమ్మేవాడు కాదు. "ఇది మనది కాదులే, పావగడ దిక్కు పోతాండాది" అనేవాడు. మా ఖర్మ, ఎక్కువసార్లు అదే నిజమయ్యేది.

కొత్త మనిషి వస్తే ఊరి పేరుతో ఊరుకునేవాడు కాదు. "ఊరి పేరు చెప్పినోన్ని నమ్మొద్దు, పుట్టెంటికలు ఏ సామి కాడ తీసేది చెప్పినోన్ని నమ్ము" అనేవాడు. ఆయన మాటలో తప్పేముంది? మా ఊరినే చూడండి. ఆయన తాత కాలంలో బళ్ళారి జిల్లా అన్నారు, తర్వాత అనంతపురం జిల్లా అన్నారు. మొన్నటిదాకా పెనుకొండ తాలూకా, ఇప్పుడు సోమందేపల్లె మండలం. ఊరు మాత్రం బెత్తెడు జరగలేదు. మండలాలు వచ్చాయని దండోరా వేసిన రోజు, "మళ్ళా ఏం దాచిపెడతాండారో వీండ్లు" అని గొణిగాడు.

ఆ అనుమానం ఒకసారి నా పెళ్ళి మీద పడింది. ఇంకా తాలూకాలున్న రోజులవి. పావగడ దిక్కు నుంచి నాకొక సంబంధం వచ్చింది. దూరమేమీ కాదు గానీ, నడుమ సరిహద్దు ఉంది. అటు పక్కను మావాళ్ళు ఇప్పటికీ మైసూరు సీమ అనే అంటారు. ఆ ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారు. పిల్లవాడు నెమ్మదస్తుడు. నన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు అమ్మ పెట్టిన ఓళిగ తింటూ ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ దించేశాడు. నాకు నచ్చాడు. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేముంది?

మావైపు ఇంటిపేరును బట్టి వరస తేల్చుకుంటాం. అటు పక్క ఇంటిపేరు రాసే అలవాటే పోయింది. ఊరి పేరులో ఒక అక్షరం, నాయన పేరులో ఒక అక్షరం, అంతే. గోత్రమేమిటంటే "శివగోత్రమప్పా" అన్నారు. తెలియని వాళ్ళందరూ చెప్పే గోత్రమే అది. చిన్నతాత చెవులు నిక్కబొడుచుకున్నాయి.

వాళ్ళ ఇల్లు చూసొస్తానని వెళ్ళాడు. తిరిగొచ్చి, తలగుడ్డ కూడా విప్పకుండా, "ఈ పెండ్లి కూడదు. వాండ్లు మనకు దాయాదులు. ఆ పిల్లోడు మన పాపకు అన్న అవుతాడు" అన్నాడు.

"ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు నాయన.

"ఎవురూ చెప్పలేదు. ఆ ఊర్లో ప్రతి కొట్టం మీదా గుమ్మడి తీగ ఉండాది. వాండ్ల ఇంటి మీద లేదు. ఏమ్మా అని ఆ ఇంటి అవ్వనడిగితే, మా ఇంటికి అచ్చిరాదప్పా అనింది."

మా ఇంట్లోనూ గుమ్మడి పాదు పెట్టరు. ఎందుకో ఎవరికీ తెలియదు, అచ్చిరాదంతే. చిన్నతాత వాళ్ళ తాతకు ఒక అన్న ఉండేవాడనీ, ఏదో కరువులో పడమటికి పోయి మళ్ళీ రాలేదనీ ఇంట్లో ఒక మాట ఉంది. వీళ్ళు ఆయన సంతతేనని చిన్నతాత తీర్పు.

నాయన మండిపడ్డాడు. "మన కరువు సీమలో గుమ్మడి పాదు లేకపోవడమూ ఒక సాక్ష్యమేనా చిన్నాయనా?" అని, నిజం తేల్చుకోవడానికి ఆఫీసుల వెంట పడ్డాడు. పెనుకొండలో అడిగితే, అంత పాతవి బళ్ళారిలో ఉంటాయన్నారు. బళ్ళారేమో అప్పటికే మైసూరు వాళ్ళకు పోయింది. అక్కడికి వెళితే అనంతపురంలో అడగమన్నారు. పావగడలో, "ఆ పక్కనుంచి వచ్చినోని సంగతి మాకేం తెలుసప్పా?" అన్నారు. "మనిషి పోయిన దారి ఒకటే, కాగితాలు పోయిన దార్లు నాలుగు" అంటూ నాయన చెప్పులు అరగదీసుకుని ఇంటికొచ్చాడు.

సంబంధం తప్పిపోయింది. మైసూరోళ్ళమని వద్దన్నారని వాళ్ళు అలిగారట. నేనైతే చిన్నతాతనే అనుమానించాను. నేను వెళ్ళిపోతే వేళకు సంగటి చేసిపెట్టేవాళ్ళు ఉండరని ముసలాయన ఎత్తు వేశాడనుకున్నాను. రాప్తాడు సంబంధానికి ఆయనే ముందు ఒప్పుకునేసరికి ఆ అనుమానం నిలవలేదు. అప్పుడు ఇంకోటి పట్టుకుంది, ఆ పావగడ వాళ్ళింట్లో ఎవరో ఏదో అంటే మనసులో పెట్టుకున్నాడేమోనని. మా వంశమే అంత.

నా పెళ్ళయిన కొన్నేళ్ళకు పుట్టింటికి వెళితే, ఆయన నున్నటి గుండుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం తాతా ఇది?"

"లేపాక్షిలో మొక్కుండె లేమ్మా."

"ఇన్నేండ్లలో లేని మొక్కు ఇప్పుడేం పుట్టిండాది? వారం పైన యాడ తిరిగొచ్చినాడో ఆ సామికే తెలియాల" అని లోపల్నుంచి అమ్మ అంది. నేనూ నమ్మలేదు.

ఇప్పుడు చావు కబురు అందగానే బయల్దేరి పుట్టింటికి చేరాను. చిన్నతాతకు కొడుకుల్లేరు కాబట్టి నాయనే కొరివి పెట్టాడు. రెండో నాడు ఇంటి ముందు ఇద్దరు మనుషులు నిలబడ్డారు. ఒకరు పెద్దాయన, రెండోవాడు ఆయన కొడుకు. చెవుల పక్క వెంట్రుకలు నెరిసినా గుర్తుపట్టాను. ఆనాడు ఓళిగ తింటూ తలెత్తి చూసినవాడు.

నాయన మొహం ముడుచుకుంది. "మీకెవురు కబురు పెట్టినారు?"

"కబురెందుకప్పా? మాకూ మైల తగిలిండాది" అన్నాడు పెద్దాయన. "మాయమ్మ పోయినప్పుడు మీ చిన్నాయన వచ్చి కర్మ దాకా మాతోనే ఉండి, నా పక్కన కూర్చొని గుండు గీయించుకున్నాడు. నేను వద్దంటి. నమ్మితే నమ్ము లేకుంటే మానుకో, నా మైల నాది అన్నాడు. పిల్ల సంబంధం కావాలని చెడగొట్టినోడు ఆ పని చేస్తాడా?"

లేపాక్షి మొక్కు అదన్నమాట. చెబితే నాయనతో మళ్ళీ గొడవని దాచుకున్నాడు. నాయన లోపలికి పోయి మైల స్నానానికి రెండు పంచెలు తెచ్చి వాళ్ళ చేతికిచ్చాడు.

పదో నాడు మంగలి బావి గట్టు మీద కూర్చున్నాడు. ముందు నాయన, తర్వాత పెద్దాయన, ఆ తర్వాత అతను. ముగ్గురూ స్నానాలు చేసి, తడి గుండ్లతో వచ్చి చిన్నతాత కూర్చునే అరుగు మీద వరసగా కూర్చున్నారు. పోలిక ఏమైనా ఉందా అని ముక్కులు చూశాను, చెవులు చూశాను. ఆ తాత మనవరాలిని, ఊరికే ఎలా నమ్ముతాను? పోలికేమీ కనబడలేదు.

అతను లేచి నా దగ్గరికి వచ్చాడు. ఈసారి తల దించుకోలేదు. నేరుగా నా మొహంలోకి చూస్తూ, "చెల్లెలా, రొంత నీళ్ళు పొయ్యమ్మా" అని దోసిలి పట్టాడు.

చెంబు ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నాను.