నాబ్ మీద బొట్టు

అమీర్‌పేటలో నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెబుతాను. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు ఎలా పట్టుకోవాలో నేర్పడం నా బతుకుతెరువు. మెట్రో మెట్ల దగ్గర హాస్టళ్ల కరపత్రాలు పంచేవాళ్లను తప్పించుకుని, మూడో అంతస్తు ఎక్కి, రోజూ పొద్దున్నే క్లాసు నిండా కూర్చున్న పిల్లలకు ఒక మాట చెబుతాను: "నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ ఆగిపోయిందంటే, మధ్యలో ఏం మారిందో ముందు అది చూడండి." ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం గంభీరంగా మారుతుందని మా ఆవిడ అంటుంది. మారుతుంది, నాకు తెలుసు. ఇంత గంభీరంగా చెప్పినవాడు తన దాకా వచ్చేసరికి ఆ మాట ఎలా మింగేశాడో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా ఇంటి వెనక బాల్కనీలో, వాషింగ్ మెషిన్ పక్కన, ఒక చిన్న లేత్ ఉంది. ఇనుము, ఇత్తడి ముక్కల్ని బిగించి తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం. వీడియోలు చూసి చూసి ఒకరోజు తెప్పించేశాను. ఇప్పటిదాకా దాని మీద నేను చేసినవి మూడు ఇత్తడి బొంగరాలు, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే బరువు ఒకటి. "గంత పెద్ద మెషిన్ తెచ్చి గింత బొంగరం తీసిండు మా ఆయన" అని మా ఆవిడ పక్కింటివాళ్లకు చెబుతుంటే నేను లోపలి గదిలోంచి విన్నాను. అందులో కాదనడానికి ఏమీ లేదు.

మాది నేత ఇల్లు. మా నాయన బతికున్నన్నాళ్లూ దసరా నాడు మగ్గానికి పూజ చేసేవాడు. మగ్గాన్ని తుడిచి, ఉదయమే తలస్నానం చేసి, గంధం, కుంకుమ పట్టుకుని చుట్టూ తిరిగేవాడు. వెనకాలే నేనూ, అక్కా. "చెయ్యి పడ్డకాడల్ల బొట్టు పెట్టాలె బిడ్డా" అనేవాడు. ఏ పనిముట్టు మీద రోజూ చెయ్యి పడుతుందో అదే మనకు అన్నం పెడుతుందని ఆయన లెక్క. నాయన పోయాక మగ్గం కూడా పోయింది. ఆ మాట మాత్రం నా దగ్గర మిగిలిందని నేను గర్వంగా అనుకునేవాడిని.

మొన్న దసరాకు ఆ మాటే పాటించాను. లేత్‌ను నూనె గుడ్డతో తుడిచి, గంధం నీళ్లల్లో బాగా కలిపి, కుంకుమ పట్టుకుని మొదలుపెట్టాను. పిడికి బొట్టు, చక్రానికి బొట్టు. లేత్ మీద నా చెయ్యి అన్నిటికన్నా ఎక్కువ పడేది వేగం పెంచి తగ్గించే నాబ్ మీద. కాబట్టి దానికి ఒకటి కాదు, మూడు బొట్లు, గంధం కారేంత ధారాళంగా పెట్టాను. మా ఆవిడ వంటింట్లో ఉంది. అక్క రాలేదు. పంజాగుట్టలో ఆమెకు చిన్న టైలరింగ్ దుకాణం ఉంది. పండగ బ్లౌజులు అయిపోక, ఆ రోజు కూడా దుకాణంలోనే ఉండిపోయింది. పూజ మొత్తం నా ఒక్కడి చేతి మీదుగానే జరిగింది. ఫొటో తీసి స్టేటస్‌లో కూడా పెట్టుకున్నాను.

పండగ అయిన వారానికి అక్క కుట్టుమిషన్ గడగడలాడటం మొదలైంది. చక్రం తిరిగే ఇరుసు చుట్టూ ఇత్తడి ఉంగరం లాంటిది ఉంటుంది, బుష్ అంటారు. అది అరిగిపోయింది. మిషన్ పాతది, ఆ బుష్ ఇప్పుడు దుకాణాల్లో దొరకదు. అక్కకు అప్పుడే బంజారాహిల్స్ నుంచి మొదటిసారి ఒక పెళ్లివారి ఆర్డర్ వచ్చింది. పెళ్లికూతురివి, ఆమె అక్కాచెల్లెళ్లవి, అన్నీ పట్టు బ్లౌజులే. శనివారానికి ఇవ్వాలి. ఇవి బాగా కుదిరితే ఆ వాడకట్టులో ఇంకో నాలుగిళ్లు వస్తాయని అక్క ఆశ. చెడితే గుడ్డ వెనక్కి తీసుకుపోతారు, మళ్లీ ఆ పెళ్లివారి కారు అక్క గల్లీలోకి రాదు.

"ఫికర్ లేదు తమ్మి, రాణిగంజ్ల లేత్ షాపోళ్లు గంటల చేసిస్తరు. రేపు పొద్దుగాల పోతా" అంది అక్క.

"ఇంట్ల లేత్ పెట్టుకొని రాణిగంజ్ పోతవా అక్కా? నా ఇజ్జత్ ఏం కావాలె?" అన్నాను నేను. అరిగిన బుష్ ఊడదీసి జేబులో వేసుకున్నాను. "బుధవారం కల్లా తెచ్చిస్త" అని మాటిచ్చాను. నేను ఉత్సాహంగా ఉన్నప్పుడు నన్ను ఆపడం ఆమెకు చిన్నప్పటినుంచీ చేతకాదు.

సోమవారం క్లాసు అయ్యాక ఇంటికొచ్చి ఇత్తడి ముక్క బిగించి స్విచ్ వేశాను. నాబ్ కొంచెం తిప్పితే లేత్ మెల్లగా తిరగాలి. తిరగలేదు. ఇంకొంచెం తిప్పాను. ఉలకలేదు. ఇంకొంచెం తిప్పేసరికి ఒక్కసారిగా పూర్తి వేగంతో గిర్రుమని లేచింది. నాబ్ వెనక్కి తిప్పినా తగ్గదు. ఉలి తగిలి ముక్క ఊడి, ఎగిరి, వాషింగ్ మెషిన్‌కు తగిలి కింద పడింది. ఎర్ర బటన్ గుద్ది ఆపేశాను. వాషింగ్ మెషిన్‌కు పడిన సొట్ట ఇప్పటికీ ఉంది.

"ఏం పడ్డదీ?" అని లోపలినుంచి మా ఆవిడ కేక.

"ఏం లేదు, టెస్టింగ్" అన్నాను.

ఇక నా పాండిత్యం మొదలైంది. మొదట మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగాయని తేల్చాను. మార్చాను. అలాగే ఉంది. తర్వాత వేగాన్ని అదుపు చేసే బోర్డు కాలిందని తేల్చాను. ఆ రాత్రే కొత్త బోర్డు ఆర్డర్ పెట్టాను. మంగళవారం పొద్దున క్లాసులో "మధ్యలో ఏం మారిందో చూడండి" అని మామూలుగానే చెప్పాను, గొంతు మామూలుగానే గంభీరమైంది. నా మెషిన్‌లో మధ్యలో ఏం మారిందో మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పూజ ఒక మార్పు అని నా బుర్రకు తట్టలేదు. బుధవారం బోర్డు వచ్చింది. తీగలన్నీ జాగ్రత్తగా రాసిపెట్టుకుని బిగించాను. కొత్త బోర్డుతో కూడా లేత్ కాసేపు మొద్దునిద్ర, కాసేపు పూనకం.

అక్కకు ఫోన్ చేసి "ఒక్క రోజు జర ఆగు" అన్నాను. "సరే తీయ్" అంది. తర్వాత తెలిసింది, ఆమె ఆ మూడు రోజులూ పక్క గల్లీలోని ఇంకో టైలరమ్మ దుకాణానికి పోయి, ఆమె భోజనానికి లేచినప్పుడు ఆ మిషన్ మీద కూర్చుని కుట్టుకొస్తోందట. మిగతా వేళంతా హుక్కులు, చేతి కుట్లు. పెళ్లికూతురి తల్లి రెండుసార్లు ఫోన్ చేసిందట. ఇవేవీ అక్క నాకు చెప్పలేదు. మా ఆవిడ చెప్పింది, చెప్పి నా వైపు చూసింది.

నిజానికి సోమవారం నాడు లేత్ మొరాయించిందని చెప్పినప్పుడే అక్క ఫోన్‌లో ఒక దారి చెప్పింది. "మా గల్లీల మోటర్ల అన్న ఉన్నడు గదా, గాయనకు సూపియ్యి." ఆయన ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల మోటార్లు బాగుచేసి, కాలిపోయినవాటికి రాగితీగ చుట్టే పెద్దమనిషి. అక్క దుకాణానికి నాలుగు గుమ్మాల అవతల ఆయన కొట్టు. ఫ్యాన్లు చుట్టే ఆయనకు ఈ ఎలక్ట్రానిక్స్ ఏం తెలుస్తుందిలే అని నేను నవ్వి ఊరుకున్నాను. గురువారం మధ్యాహ్నం ఆ నవ్వు దిగమింగి, లేత్ కంట్రోల్ పెట్టెను నాబ్‌తో సహా ఊడదీసి, ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని, షేర్ ఆటో ఎక్కి పంజాగుట్టలో దిగాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని పెట్టెను అటూ ఇటూ తిప్పాడు. నేను ఊరుకోవచ్చు కదా. బోర్డు గురించి, దాని మీది ముక్కల గురించి, నేను చూసిన వీడియోల గురించి పది నిమిషాలు చెప్పాను. ఆయన "అవునా సార్", "అట్లనా సార్" అంటూనే నాబ్ లాగి, దాని వెనక ఉన్న చిన్న గుండ్రటి ముక్కను విప్పాడు. పాత రేడియోలో శబ్దం పెంచి తగ్గించే ముక్క లాంటిదే అది. రిపేర్ వాళ్లు దాన్ని వాల్యూమ్ అనే పిలుస్తారు. నేను మార్చిన బోర్డుకూ దానికీ మధ్య మూడు తీగల దూరం. నేను మోటారు మార్చడం ఒక్కటే తక్కువ, దీని వంక కూడా చూడలేదు.

ఆయన మూత తీసి వేలితో రాసి వాసన చూశాడు. వేలు ఎర్రగా ఉంది.

"కుంకుమ" అన్నాడు. "దేవునికి పెట్టిన్రు, మెషిన్ తిన్నది. గంధం నీళ్లతోని కలిసి కడ్డీ పొంటి లోపలికి దిగింది. లోపల ముల్లు ఆనాల్సిన జాగల గిది ఎండి గట్టిపడ్డది. ఆనితే ఒక తీరు, ఆనకుంటే ఒక తీరు." పకపకా నవ్వాడు. "ఎవరు పెట్టిన్రు సార్ గింత బొట్టు?"

పది నిమిషాల ఉపన్యాసం ఇంకా గాలిలోనే ఉంది. పాఠాలు చెప్పే సారు అని ఆయనకు తెలుసు. "నేనే" అనే ఒక్క ముక్క నోటికి రాలేదు.

"మా అక్క" అన్నాను.

ఆయన నవ్వు ఆగింది. కళ్లజోడు మీదుగా నన్ను ఒకసారి చూసి, డబ్బాలోంచి కొత్త వాల్యూమ్ వెతికి తీసి, మూడు తీగలూ అతికించి ఇచ్చాడు. అక్క పేరు ఎందుకు చెప్పానో ఇప్పటికీ నాకు సిగ్గే. ఆమె చదువుకోలేదు, కాబట్టి ఆమె తప్పు చేసిందంటే ఎవరైనా నమ్ముతారని నాలోపల ఎక్కడో ఉంది కాబోలు. అంతకన్నా మంచి కారణం నాకు దొరకలేదు.

ఇంటికొచ్చి బిగిస్తే నాబ్ ఎంత తిప్పితే అంతే, బుద్ధిగా తిరిగింది లేత్. సాయంత్రానికల్లా బుష్ తయారైంది. ఒకటి చెడింది, రెండోది కుదిరింది. నా జీవితంలో నేను చేసిన మొదటి పనికొచ్చే వస్తువు అది. శుక్రవారం పొద్దున క్లాసు వేరేవాళ్లకు అప్పగించి అక్క దుకాణానికి పరుగెత్తాను. బుష్ బిగించడంలో సాయానికి అక్క మోటర్ల అన్నను కూడా పిలిచింది. ఇద్దరం కూర్చుని బిగించాం. అక్క చక్రం చేత్తో తిప్పి, కాలు ఆడించింది. గడగడ పోయింది. పాత గుడ్డ మీద కుట్టు దారం గీసినట్టు పడింది. అక్క ముఖం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

అప్పుడు ఆయన లేచి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "అక్కా, వచ్చే దసరాకు తమ్ముని మెషిన్ నాబ్ మీద బొట్టు పెట్టకు. పాపం సారు మస్తు పరేషాన్ అయిండు."

అక్క కాలు ఆగింది. నా వైపు చూసింది. ఎంతోసేపు కాదు, సూదిలో దారం ఎక్కించేంతసేపు. నేను బుష్ వైపు చూశాను.

"తెల్వక పెట్టిన అన్నా" అంది అక్క. "ఇంకోపారి పెట్టనులే."

ఆయన వెళ్లిపోయాడు. అక్క ఒక పట్టు బ్లౌజు తీసి మిషన్ కింద పెట్టింది. నాలుగు కుట్లు వేశాక, తల ఎత్తకుండానే అంది. "నాయన మాట సగమే ఇన్నవ్ తమ్మి. చెయ్యి పడ్డకాడల్ల పెట్టాలె, తిరిగేకాడ, నూనె పోసేకాడ పెట్టొద్దు. నాయన రెండో ముక్క చెప్పేటాళ్లకు నువ్వు కొబ్బరి కాడికి ఉరికేటోనివి."

నిజమే, ఉరికేవాడిని. ఆమె మిషన్ మీద చూశాను. పండగనాటి బొట్టు ఉంది. బల్ల చెక్క అంచున, కుడిచెయ్యి ఆనే చోట, కందిగింజంత. నూనె రంధ్రాల దగ్గర, చక్రం దగ్గర మరక కూడా లేదు. నేను లేచాను. శనివారానికి బ్లౌజులు అందుతాయి, ఆ భయం తీరింది. కానీ నాలుగు గుమ్మాల అవతల ఒక మనిషి మా అక్కను తెలివితక్కువదని అనుకుంటూ ఉన్నాడు, అనుకునేలా చేసింది నేను. ఆ గల్లీలో రోజూ బతికేది ఆమె.

మోటర్ల అన్న కొట్టులో కూర్చుని ఒక ఫ్యాన్‌కు తీగ చుడుతున్నాడు.

"అన్నా, ఆ బొట్టు పెట్టింది అక్క కాదు. నేను" అన్నాను. గొంతు గంభీరంగా రాలేదు, ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"ఎరుకే సార్" అన్నాడాయన, చుట్టడం ఆపకుండా. "దసరా నాడు అక్క పొద్దంత గల్లీలనే ఉన్నది. నా మెషిన్‌కు సుత బొట్టు పెట్టిపోయింది. గిటు సూడు." తీగ చుట్టే యంత్రం పీట చెక్క మీద, తిరిగే చక్రానికి జానెడు దూరంలో, కందిగింజంత బొట్టు.

"మరి తెలిసి అక్క ముందర అట్లెందుకు అన్నరు?"

ఆయన కళ్లజోడు తీసి గుడ్డతో తుడుచుకున్నాడు.

"మీరు నోరు తెరుస్తరేమోనని సూసిన సార్" అన్నాడు. "అక్క సుత గందుకే సూసింది."