విడదీయని పేజీలు

కాలేజీలో ఆవిడ అసలు పేరు ఎవరి నోటా వినిపించదు. అందరికీ అమెరికా మేడమే. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ చెప్పే పాఠం ఒకటే: పాత అమెరికన్ నవలల్లో సిగ్గు. అట్ట మీద చేతిచెమట మరకలు పడ్డ లావుపాటి నవలని గుండెకి హత్తుకుని, గంటసేపూ నిలబడే చెబుతుంది. "చేసిన తప్పుకన్నా, నలుగురూ చూస్తారన్న భయమే మనిషిని తినేస్తుందర్రా," అంటుంది. ఆ పుస్తకం మాత్రం ఎవరడిగినా ఇవ్వదు. చివరి అధ్యాయం రాగానే "ఇది మీరే చదువుకోండి" అని దాటేస్తుంది.

నిన్న సుద్దముక్క కోసం వంగినప్పుడు పుస్తకం జారి మొదటి బెంచీ ముందు పడింది. ఒకమ్మాయి తీసిచ్చింది. అది అతుక్కునే అచ్చయి వచ్చిన పేజీల అంచులు స్కేలుతో కోసుకుని చదవాల్సిన పాతకాలపు పుస్తకం. చివరి ముప్ఫై పేజీలూ ఇంకా అతుక్కునే ఉన్నాయి. మేడమ్‌కి తల కొట్టేసినట్టయింది. "మొదటిసారి చదువుతుంటే జ్వరమొచ్చి అక్కడ ఆగిపోయానమ్మా. తర్వాత... పాఠం ఎలాగూ నడిచిపోతోంది కదా అని," అంది నేలచూపులు చూస్తూ.

"మాకు తెలుసు మేడమ్," అంది ఆ అమ్మాయి. "మీరు పట్టుకుని నిలబడితే ఈ బెంచీకి ఆ కోయని అంచు కనిపిస్తుంది. మా అక్కా ఇక్కడే కూర్చునేది, తనే చెప్పింది."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగింది పద్దెనిమిదేళ్లు! మేడమ్ ఫక్కున నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఇన్నాళ్లూ మోసి చేతులు పడిపోయాయర్రా," అంటూ పుస్తకం బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎవరి దగ్గరైనా స్కేలుందా? చివరికి ఏమవుతుందో చూద్దాం."