కౌలు కాగితం మీద వేలిముద్ర

మాకు సొంత భూమి లేదు. కాలువ చివర మూడెకరాల పల్లపు చేను కౌలుకు చేస్తాం, సార్వా, దాళ్వా రెండు పంటలూ. మేం తీసుకున్నప్పుడు అందులో మోకాలి లోతు నీళ్లు నిలిచేవి. మూడేళ్లు మా ఆయన మురుగు బోదె తవ్వి, గట్లు పోసి దాన్ని దారికి తెచ్చాడు. ఆ చేను పోతే మాకింకేమీ లేదు.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. డ్వాక్రా గదిలో మధ్యాహ్నం పూట ఒక టీచరమ్మ చెప్పేది. కూడబలుక్కుంటూ మొదలుపెట్టి, ఎరువు బస్తా, మందు సీసా, బస్సు బోర్డు, కనపడిందల్లా చదివేదాన్ని. చదువొస్తే భయం పోతుందని టీచరమ్మ అనేది. నాకు మాత్రం అప్పుడే మొదలైంది.

కిందటి ఏడు సార్వాకు ముందు వ్యవసాయ సహాయకుడు కౌలు కార్డు ఫారాలు పంచాడు. పంట పోయినప్పుడు ఆ కార్డు ఉంటే పరిహారం సాగు చేసినవాళ్లకు వస్తుంది. లేకపోతే భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకు పోతుంది. కార్డు రావాలంటే ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే రేపు చేను మాదే అంటామేమోనని ఆసాములకు అనుమానం. మా ఆసామిగారి తాతగారి రోజుల్లో అలా కొంత భూమి కోర్టుకెక్కిందట. ఆయన భయం ఆయనది.

ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఈ కార్డు వల్ల భూమి మీద ఎలాంటి హక్కూ రాదని. అది నేనే చదివాను.

"ఈ ముక్క ఆయనకి చూపిద్దామయ్యా," అన్నాను ఇంట్లో.

"చూపించు. పక్క చేనాయన నిరుడు చూపించాడు. ఇప్పుడు చేను పోయి రొయ్యల చెరువు కాడ కాపలా ఉన్నాడు. మనకైతే చెరువు కూడా దొరకదు," అన్నాడు మా ఆయన.

అయినా ఫారం మడిచి జాకెట్లో పెట్టుకునే మా ఆయనతో ఆసామిగారింటికి వెళ్లాను. ఏటా కౌలు మాట్లాడుకున్న రోజున ఆయన ఒక కాగితం మీద మా ఇద్దరి వేలిముద్రలూ తీసుకుంటారు. కౌలు కాగితమే అనుకునేదాన్ని. ఆ రోజు మా ఆయన వేశాక కాగితం నా ముందుకు జరిపారు. కళ్లు వాటంతటవే అక్షరాల మీద పడ్డాయి. మేము ఈ చేనులో రోజు కూలికి పనిచేయుచున్నాము, కౌలుకు చేయుట లేదు.

రెండోసారి చదవబోతూ తలెత్తితే, ఆయన నా కళ్లనే చూస్తున్నారు.

"ఏంటమ్మా అంత చూస్తున్నావు?"

"ఎక్కడ వెయ్యాలోనని చూస్తున్నానండి."

ఆయన భార్య గుమ్మంలోంచి నవ్వారు. "పలక పట్టావంటగా. మా వారి పేరు రాయి చూద్దాం."

"ఇంకా అ ఆలేనండి అమ్మగారూ."

"నేర్చుకో నేర్చుకో. ఈ వయసులో కలెక్టరువి అవుతావు."

నేనూ నవ్వి బొటనవేలు సిరాలో ముంచాను. ఫారం జాకెట్లోనే చెమటకు తడిసింది.

దారిలో కాగితంలో ఏముందో మా ఆయనకు చెప్పాను. ఆయన ఆగలేదు, నావైపు చూడలేదు.

"కౌలని రాసేవాడైతే కార్డు మీద సంతకమే పెట్టేవోడు గదా. తెలియకేం? నువ్వు చదివినట్టు ఎవరికీ చెప్పకు."

కోతల వేళకు తుఫాను వచ్చింది. పనలు నీళ్లలోనే మొలకెత్తాయి. నష్టం రాసుకోవడానికి ఆఫీసు అబ్బాయి ట్యాబు పట్టుకుని చేలోకి దిగాడు. ఆసామిగారు గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడ్డారు.

"ఈ చేను ఎవరు చేస్తున్నారమ్మా?"

మా ఆయన బురదలోకి చూస్తున్నాడు.

"వారిదేనండి. మేం కూలికి చేస్తాం."

అతను ట్యాబులో పేరు కొట్టాడు. నాకు తలకిందులుగా కనపడుతున్నా ఒక్కో అక్షరం తెలిసింది. ఆసామిగారి పేరు. తర్వాత ఒక కాగితం తీశాడు.

"సాక్షిగా సంతకం పెడతారా, వేలిముద్రా?"

గట్టు మీద గొడుగు కొంచెం పైకి లేచింది.

"వేలిముద్రేనండి," అన్నాను.

పరిహారం వచ్చిందో లేదో మేం అడగలేదు. దాళ్వాకు చేను మాకే ఇచ్చారు. ఆ ఫారం ఇంకా బియ్యం డబ్బా అడుగున ఉంది. ఇప్పటికీ స్టాండులో ఆసామిగారు కనపడితే, బస్సు మీద ఊరి పేరు ఎంత పెద్దగా రాసున్నా, ఇది ఎక్కడికెళ్తుందండీ అని పక్కవాళ్లను అడుగుతాను, ఆయనకు వినపడేలా.