హన్మయ్య చెయ్యెత్తాడు

హన్మయ్య ఎవరి చెవిలో రహస్యం చెప్పినా నాచారం మొత్తానికి తెలిసిపోతుందని కాలనీలో ఒక మాట ఉంది. అందులో ఆయన తప్పేమీ లేదు. జనగామ వైపు నుంచి వచ్చి, ఇక్కడి ఫ్యాక్టరీలో రేకు డబ్బాలు కొట్టే ప్రెస్సు దగ్గరే బతుకంతా నిలబడ్డాడు. ఆ మోతకు చెవులు మందగించాయి, గొంతు పెరిగింది.

భార్య కౌసల్యమ్మ పోయాక ఆ గొంతును భరించేవాళ్లు ఇంట్లో లేకుండా పోయారు. ఒక ఆదివారం పొద్దున ఉప్పల్ చెరువు గట్టు మీద పక్షులు చూసేవాళ్లు కనబడ్డారు. పదిమంది ఉన్నచోట నాలుగు మాటలు దొరక్కపోతాయా అని వెళ్లి కలిశాడు. మాట్లాడకుండా ఉండటానికే పోగయ్యేవాళ్లు కూడా ఉంటారని పాపం ఆయనకేం తెలుసు.

మొదటి వారమే "అగో, బాతులు" అన్నాడు. మామూలుగానే అన్నాడు. చెరువు ఖాళీ అయింది. ఆ గుంపును నడిపించే టీచరు స్వర్ణలత కోప్పడలేదు కానీ, జర మెల్లగా మాట్లాడమని బతిమాలింది. ఆనాటి నుంచి ఆయన నోరు కుట్టేసుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖమైనా ఊదుతారు, వీళ్లు గుసగుసలాడతారు. ఆ గుంపులో నిలబడితే ఇంట్లో కంటే ఎక్కువ ఒంటరిగా ఉండేది. అయినా మానలేదు. మానితే ఆదివారాన్ని ఏం చేసుకోవాలో తెలియదు.

ఈ చలికాలం అందరూ సూదితోక బాతు కోసం కాచుకున్నారు. స్వర్ణలత ఫోన్లో దాని ఫోటో చూపించింది. చెరువులు గడ్డకట్టే దేశాల నుంచి వస్తుందట. ఇక్కడా సగం చెరువు గడ్డకట్టే ఉంది, గుర్రపుడెక్కతో. అందరూ మిగతా సగం నీళ్ల వైపు బైనాక్యులర్లు పెట్టుకుని నిలబడ్డారు. అవి లేని హన్మయ్య ఊరికే గట్టు కిందికి చూశాడు. గుర్రపుడెక్క సందులో పొడుగాటి మెడ, సూదిలాంటి తోక. అదే.

పిలిస్తే ఎగిరిపోతుంది. ఒక్కరికి చూపిస్తే చాలు, ఈ గుంపులో తానూ ఒకడవుతాడు. అంతలో చెయ్యి దానంతటదే పైకి లేచింది. ప్రెస్సు మోతలో మాట వినబడదు కాబట్టి అక్కడివాళ్లది సైగల భాష. తలపైకి చెయ్యెత్తి వేలు వంచితే, అన్నీ వదిలేసి ఇటు రమ్మని. పక్క మిషను మీద ఉండే బసవరాజు ఎంత పనిలో ఉన్నా ఆ సైగను చూసేవాడు. అతనూ పోయినేడు కాలం చేశాడు.

హన్మయ్య వేలు వంచాడు. ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ బైనాక్యులర్లలోనే, ఎక్కడో దూరంగా. భుజం గుంజేదాకా చెయ్యి దించలేదు. బాతు తీరిగ్గా ఈదుకుంటూ ఆకుల వెనక్కి వెళ్లిపోయింది.

ఎండెక్కాక స్వర్ణలత అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగింది, వినబడాలని కాస్త గొంతు పెంచి.

"ఏమన్న కనవడ్డదా అంకుల్?"

ఎవరికీ చూపించలేకపోయినదాన్ని చూశానని చెప్పి ఏం లాభం అనుకున్నాడు.

"ఏం కనవడలే బిడ్డా."

జన్మలో అంత మెల్లగా ఎన్నడూ మాట్లాడి ఉండడు. ఆమెకు వినబడలేదు. నవ్వి తలూపి, పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.